దూది మంచు

చెన్నైలో మంచు కురవదు. వాతావరణ లెక్కల్లో ఈ ఊరు చూసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు, అదీ వందేళ్ళ కిందటి ముచ్చట. మామూలు జనవరి తెల్లవారుజాము ఇరవై డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ మాత్రానికే బీచిలో నడిచే పెద్దమనుషులు మంకీ టోపీలు బిగిస్తారు, అది వేరే సంగతి. డిసెంబరు పడగానే ప్లేస్కూళ్ళ గోడల మీద మాత్రం మంచు దిబ్బలు దిబ్బలుగా పేరుకుంటుంది. దూది ఉండలు, ఫెవికాలు, నల్ల చార్టుముక్కతో టోపీ, నారింజరంగు కాగితంతో క్యారెట్ ముక్కు. చెమట పట్టిన మూడేళ్ళ వేళ్ళకు దూది అంటుకుంటే వదలదు, అంటుకోవలసిన మంచుమనిషికి మాత్రం అంటదు. ఇంటికొచ్చే కాగితంలో దీని పేరు 'వింటర్ యాక్టివిటీ'. కుటుంబమంతా కలిసి చేస్తే పిల్లల భాష వికసిస్తుందని కింద ఒక హామీ. ఆ హామీని నమ్మిన తెలుగిళ్ళలో అమ్మానాన్నలు ఆదివారం మధ్యాహ్నం, దూది ఎగిరిపోకుండా ఫ్యాను ఆపి మరీ, ఉక్కపోతలో శీతాకాలం చేస్తున్నారు.

ఈ ఊరి డిసెంబరుకు సొంత సరుకు లేక అరువు తెచ్చుకున్నారా అంటే అదీ కాదు. ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే కురుస్తుంది. 2015 డిసెంబరులో వరద, 2016 డిసెంబరులో వర్దా తుఫాను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. మెట్ల మీదికి నీళ్ళెక్కడం చూసిన నాలుగేళ్ళ పిల్ల ముసురు, ఈదురుగాలి, మోకాటిలోతు, కొవ్వొత్తి, పడవ లాంటి మాటలు ఒక్క రాత్రిలో పట్టేస్తుంది. వాటి గురించి అడగకుండా ఆ పిల్ల ఉండలేదు, చెప్పకుండా పెద్దవాళ్ళకు గడవదు. వాన వెలిసి బడి తెరవగానే ఆ పిల్ల చేతిలో పెట్టేవి స్లెడ్జి, మిటెన్స్, ఇగ్లూ. తుఫాను చూసి వచ్చిన మనిషికి దూది చూపించి ఇదే వాతావరణం అనడానికి కాస్త ధైర్యం కావాలి.

పరిశోధనలు చెబుతున్నాయి కదా అంటారు. ఏం చెబుతున్నాయో చూద్దాం. చెవిటిపిల్లాడికి కూడా మాటలు నేర్పుతామనే ధోరణిలో అమ్మే కిట్ల వెనక సాధారణంగా ఒక సంఖ్య ఉంటుంది, మూడు కోట్ల మాటల తేడా. అది 1995లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ రాసిన పుస్తకం నుంచి వచ్చింది. వాళ్ళు గమనించినవి అమెరికాలో 42 కుటుంబాలు. ఆ తేడా అంత ఖాయం కాదని 2018లో డగ్లస్ స్పెర్రీ బృందం వాదించింది. అదే ఏడు రేచెల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్ని పరీక్షించి, చెవిలో పడే మాటల రాశి కంటే మాటకు మాట బదులు చెప్పుకోవడమే మెదడులోని భాషా ప్రాంతం చురుకుతనంతో ముడిపడి ఉందని చూపింది. అంతకు ముందు 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్ళకు చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని మనుషులు ఆడించిన పిల్లలు ఆ ధ్వనుల తేడా పట్టుకున్నారు, అవే మాటలు టీవీలో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. అంటే కావలసింది ఒక మనిషి, ఇద్దరి కళ్ళ ముందూ ఉన్న ఒక వస్తువు, తొందరలేని సంభాషణ. దూది మంచుమనిషి దగ్గర ఇందులో ఏది ఉంది? తల్లికీ తెలియని మంచు గురించి పిల్ల ఏమడుగుతుంది, తల్లి ఏం చెబుతుంది? 'ఇట్స్ వైట్, ఇట్స్ కోల్డ్' అన్న రెండు ముక్కలతో సంభాషణ కరిగిపోతుంది. ఆ దూది చల్లగా కూడా ఉండదు.

ఇప్పుడు ఒక రేగుపండు తీసుకోండి. మన ఇళ్ళలో భోగినాటి సాయంత్రం సరిగ్గా ఈ వయసు పిల్లల్నే, అయిదేళ్ళ లోపు వాళ్ళనే, కూర్చోబెట్టి రేగుపళ్ళు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, పూలరేకులు కలిపి తల మీద పోస్తాం. ప్లేస్కూలు వయసుకు ఇంత కచ్చితంగా కుదిరిన పండగ ఇంకోటి లేదు. ఒక్క పండులో ఎన్ని మాటలున్నాయో చూడండి: దోర, పండు, ముడత, పులుపు, వగరు, గింజ, పుచ్చు. 'ఇది పుచ్చిందా?' అన్న ప్రశ్నకు జవాబు కొరికి చూస్తేనే తెలుస్తుంది. నెత్తిన పడ్డవి ఎన్ని, ఒళ్ళో పడ్డవి ఎన్ని, మంచం కిందికి దొర్లినవి ఎన్ని అని లెక్కపెడుతూ లెక్కలూ విభక్తులూ ఒకేసారి పడతాయి. ధనుర్మాసం ముగ్గులో చుక్క, అడ్డం, నిలువు, మెలిక, సందు ఉన్నాయి. ఇవన్నీ ఉండగా జరిగేదేమిటంటే, భోగిపళ్ళు పోసేటప్పుడు అందరి చేతుల్లో ఫోన్లుంటాయి, పిల్లకు దొరికే మాట ఒక్కటే, 'స్మైల్ ప్లీజ్'.

డిసెంబరులోనే ఇంకో విడ్డూరం. మైలాపూరు, టీనగర్ సంగీత సభల్లో సాయంత్రమైతే త్యాగరాజ కృతులు. తెలుగు మాట్లాడని గాయకులు తెలుగు సాహిత్యం తప్పులేకుండా పలకాలని ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. 1947లో 'చందమామ' పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. అలాంటి చోట తెలుగింటి పిల్ల, సభ బయట క్యాంటీన్ వరుసలో నిలబడి, అమ్మమ్మతో 'ఐ వాంట్ వాటర్' అంటుంది. లోపల పరాయివాళ్ళు తెలుగు పాడుతుంటారు.

అభ్యంతరాలున్నాయి. ఇంగ్లీషు లేకపోతే పిల్లకు బతుకెక్కడ అని మొదటిది. ఇంగ్లీషు వద్దని ఎవరన్నారు? ఈ ఊళ్ళో దానికి బడి ఉంది, అపార్టుమెంటు ఉంది, కార్టూన్లున్నాయి. తెలుగుకు ఇల్లొక్కటే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు అయిదో తరగతి దాకా ఇంటిభాషలో చెప్పమంటుంది, తమిళనాడు 2006 చట్టం తమిళం నేర్చుకోమంటుంది. ఈ రెంటిలో ఏది నెగ్గినా తెలుగుపిల్లకు తరగతిలో తెలుగు దొరికే అవకాశం తక్కువే. రెండు మూడు భాషలైతే పిల్ల తికమక పడుతుందని రెండో అభ్యంతరం. 1993లో బార్బరా పియర్సన్ బృందం రెండు భాషల పసివాళ్ళను పరిశీలించి, రెండు భాషల మాటలూ కలిపి లెక్కిస్తే వాళ్ళు ఒక్క భాష పిల్లలకు వెనకబడలేదని తేల్చింది. పనిమనిషితో తమిళం, తాతతో తెలుగు, టీచరుతో ఇంగ్లీషు మాట్లాడే మూడేళ్ళవాడు తికమక పడడు. వాడితో ఏ భాషలో మాట్లాడాలో తేల్చుకోలేని పెద్దవాళ్ళు పడతారు.

మూడోది కొంచెం గట్టిది: పేడా గొబ్బెమ్మలూ అపార్టుమెంటులో ఎక్కడ, ఇదంతా పాతకాలం మీద బెంగ కాదా అని. బెంగ అయితే నాకూ అక్కర్లేదు. తెలుగు సంఘాల సంక్రాంతి వేదిక మీద నాలుగేళ్ళవాడికి హరిదాసు వేషం కట్టి, అర్థం తెలియని పద్యం బట్టీ పట్టించి, మరిచిపోతే తెర వెనక నుంచి అందించడం కూడా దూది మంచే, రంగు తేడా అంతే. పండగే ఉండాలనీ లేదు. కోయంబేడు మార్కెట్లో జనవరిలో దిగే చెరకు గడలున్నాయి, ఉడకబెట్టి నార తీసే తేగలున్నాయి. పళ్ళికరణై చిత్తడిలో రాజహంసలు దిగుతాయి, జనవరి నుంచి సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. తీరిక లేదంటారా, ఆ దూది అంటించే గంటే చాలు. మంచు చూపించాలనే కోరిక తీరనిదైతే ఈసీఆర్ మీద టిక్కెట్టు కొంటే మంచు గది కూడా ఉంది. కనీసం అది చల్లగా ఉంటుంది.

బడి నుంచి వచ్చిన వర్క్‌షీటు మాత్రం రేపటికి నింపి ఇవ్వాలి. చలికాలంలో మనం వేసుకునేదానికి గీత కలపమంటుంది. మిటెన్స్, మఫ్లరు, బూట్లు, పక్కన తప్పు జవాబుగా ఒక రెయిన్‌కోటు. బయట వాన పడుతోంది.