ఒక డీపీ కథ

వాట్సాప్‌లో పేరు పక్కన గుండ్రంగా కనిపించే బొమ్మను డీపీ అంటారు. ఈ కథలోని డీపీ వికారాబాద్ పక్కన, మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల్లో పుట్టింది. తాండూరులో డిగ్రీ చదివే ఒక అమ్మాయి మేనత్త కుటుంబంతో అనంత పద్మనాభస్వామి దర్శనానికి వచ్చిన రోజది. తీసిన ఫొటోల్లో కళ్లు మూసుకున్నవి, నవ్వు కుదరనివి, చున్నీ జారినవి అక్కడికక్కడే డిలీట్ అయ్యాయి. మిగిలిన ఒక్కదాంట్లో ఎడమపక్క మేనత్త భుజం, వెనక ఆపి ఉన్న బండి నంబరు ప్లేటు కత్తిరింపులో పోయాయి. ఎండకు కందిన చెంపలను ఫిల్టరు తెల్లబరిచింది. లోకానికి ఏం చూపాలో, ఏం చూపకూడదో అప్పటిదాకా ఆ అమ్మాయి చేతిలోనే ఉంది.

ఫొటోలో మొహం ఒక్కటే ఉండదు. కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే తీసిన తేదీ, సమయం, ఫోను మోడలుతోపాటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఫైలులో చేరిపోతాయి. గుట్టమీద తీసిన ఫొటోకు దానివల్ల పెద్ద నష్టం లేదు. ఇంటి డాబామీద తీసినదైతే ఆ అంకెలు గుమ్మం దాకా దారి చూపిస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ వివరాలు పోతాయి. క్వాలిటీ తగ్గొద్దని డాక్యుమెంటుగా పంపితే ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. ఫైలులోంచి వివరాలు తీసేసినా బ్యాక్‌గ్రౌండు మిగులుతుంది. మెడలో కాలేజీ ఐడీ కార్డు, వెనక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ బోర్డు కనిపిస్తే చాలు, మనిషి చిరునామా దొరికినట్టే.

ఈ ఒక్క ఫొటోకే మూడు రూపాలు వచ్చాయి. చుట్టాల వాట్సాప్ గ్రూపుకు బొట్టు కనిపించేలా ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌కు రంగులు పెంచినది ఇంకొకటి. మూడోది నాన్న దాచుకున్న పెళ్లి బయోడేటాకు. మూడింటిలోనూ ఉన్నది ఆ అమ్మాయే, చూసేవాళ్లు వేరు. తాండూరు, బషీరాబాద్ వైపు చాలామంది ఆడవాళ్ల డీపీల్లో గులాబీ పువ్వో, దేవుడో, చిన్నపిల్లల మొహమో ఉంటుంది. దాన్ని వెనకబాటుతనం అనడం అన్యాయం. తమ గోప్యతను తాము కాపాడుకోవడానికి వాళ్లు ఎంచుకున్న పద్ధతి అది.

కొన్నాళ్లకు వేరే యాప్‌లో ఆ అమ్మాయి పేరుతో, ఇదే ఫొటోతో ఒక అకౌంటు తెరుచుకుంది. "అన్నయ్యా, అమ్మకు ఒంట్లో బాగోలేదు, అర్జెంటుగా అయిదు వేలు పంపించు" అని చుట్టాలకు మెసేజీలు వెళ్లాయి. ఆ ఇంట్లో అందరూ అన్నను "అన్నా" అనే పిలుస్తారు, ఒంట్లో బాగాలేకపోతే "పానం బాగలేదు" అంటారు. పెద్దమ్మ కొడుకు అక్కడే అనుమానపడి ఫోన్ చేశాడు కాబట్టి డబ్బు పోలేదు. మోసగాళ్లకు ఫొటో దొరకడం కష్టం కాదు. డీపీ "అందరికీ" కనిపించేలా ఉంటే, నంబరు సేవ్ చేసుకున్న ఎవరైనా దాన్ని చూడగలరు. రీచార్జి కొట్టులో, జిరాక్స్ షాపులో చెప్పిన నంబరు చాలు. స్క్రీన్‌షాట్ తీయకుండా యాప్ అడ్డుకోగలదు గానీ, పక్కనున్న ఇంకో ఫోను కెమెరాను ఆపలేదు.

ఇలాంటప్పుడు చాలామంది భయంతో ముందు అన్నీ డిలీట్ చేస్తారు. అలా చేస్తే సాక్ష్యం పోతుంది. నకిలీ ప్రొఫైల్ లింకును, మెసేజీల స్క్రీన్‌షాట్లను దాచుకున్నాకే రిపోర్టు కొట్టాలి. వేరొకరిలా నటించే అకౌంట్లపై బాధితులు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవడానికి 2021 ఐటీ నిబంధనలు కంపెనీలకు గంటల లెక్కన గడువు పెట్టాయి. కంప్యూటరు, ఫోను ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడతాయి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. తాండూరు అమ్మాయి డీపీకీ ఆ తీర్పు వర్తిస్తుంది.

ఈ డీపీ ఇప్పుడు "నా కాంటాక్టులు" సెట్టింగులో ఉంది. ఇలాంటి మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మిగతా ఫిర్యాదులకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది. ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి సంగతి చెబితే "ఫొటో ఎందుకు పెట్టినవ్" అని ఫోను లాక్కోకండి, తోడుగా పోలీసు స్టేషనుకు వెళ్లండి.