లోని కేగు రుసుము: ఒక యాత్రాపద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. పొద్దు పొడవకుండ పోయి బస్సెక్కుచు
నద్దమందు జూచి రన్ని యూళ్లు
గోపురంబు కింద గుంపుగా ఫొటొదీసి
లోని కేగు రుసుము లోన లేదు

అవతారిక

నంద్యాల, ఆళ్లగడ్డ వాసులు కొందరు ప్యాకేజీ టూరులో యూరప్ చుట్టి వచ్చిన సందర్భాన పుట్టిన పద్యమిది. కవి పేరు తెలియదు. తిరిగొచ్చినవాళ్ల ఫొటోలన్నీ కూర్చుని చూడవలసి వచ్చిన చుట్టమెవరో అయి ఉంటాడని పద్యంలోని కసిని బట్టి పెద్దలు ఊహిస్తున్నారు. వేలిముద్రలకు హైదరాబాదు పోయిరావడం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆవకాయ సీసా మూతకు టేపు చుట్టడం వంటి పూర్వకథను కవి చెప్పలేదు. షెంగెన్ వీసా ఒక్కటి చేతిలో పడితే 29 దేశాలకు దారి దొరుకుతుంది కనుక, ఆ ఆనందంలో మరిచిపోయాడని గ్రహించాలి.

ప్రతిపదార్థం

పొద్దు పొడవకుండ = తెల్లవారకముందే; (జూన్‌లో ప్యారిస్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది. కాబట్టి పొద్దు గుంకకముందే పడుకుని, పొడవకముందే లేవడం ఈ యాత్రలోని తపస్సు.)

పోయి = పోయి; (అర్థం తెలిసిందే. అయినా టీకాకారుడు పదం వదలరాదు.)

బస్సు ఎక్కుచున్ = ఎక్కి, దిగి, తలలు లెక్కపెట్టించుకుని, మళ్లీ ఎక్కుతూ;

అద్దమందు = అద్దంలో; (ఇక్కడ వ్యాఖ్యాతలకు మూడు మతాలు. బస్సు కిటికీ అద్దమని ఒకరు. ఫోను అద్దమని మరొకరు. లూవ్ర్ మ్యూజియంలోని మోనాలిసా ముందున్న అద్దమని మూడోవారు. ఆ చిత్రం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. ముందు నిలిచిన జనంలో దాన్ని చూడాలంటే ఎదుటివాడు ఎత్తిపట్టిన ఫోనులోనే చూడాలి. కాబట్టి మూడు మతాలూ ఒక్కటేనని మా నిర్ణయం.)

చూచిరి = తలలు తిప్పిరి;

అన్ని ఊళ్లు = కరపత్రంలో అచ్చయిన ఊళ్లన్నీ;

గోపురంబు కింద = ఎత్తయిన కట్టడం అడుగున; (ప్యారిస్ అయితే 1889 నాటి ఈఫిల్ టవరు, ఎత్తు 330 మీటర్లు. పీసా అయితే ఒరిగిన గోపురం. అక్కడ చేయి చాపి గోపురాన్ని పడిపోకుండా ఆపుతున్నట్టు నిలబడడం ఉత్ప్రేక్షాలంకారం. అందరూ అదే భంగిమ పెడతారు కనుక పునరుక్తి దోషం కూడా.)

గుంపుగా = జెండా పట్టిన గైడు వెనక మందగా;

ఫొటొ తీసి = ఫొటో తీసుకుని; (దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వం పడింది. టూరువాడు రోము నగరాన్ని పూటలోకి కుదించగా లేనిది, కవి ఒక అచ్చును కుదిస్తే తప్పా?)

లోనికి ఏగు రుసుము = లోపలికి పోవడానికి టిక్కెట్టు;

లోన లేదు = కట్టిన డబ్బులో కలవదు.

అన్వయం

మూడో పాదంలో "తీసి" అన్న తర్వాత క్రియ లేదు. "వెనుదిరిగిరి" అని తెచ్చుకోవాలి. కవి ఎందుకు చెప్పలేదంటే, బస్సు బయలుదేరుతోంది. నాలుగో పాదం ఆ వెనుదిరగడానికి కారణం.

తాత్పర్యం

డబ్బు కట్టి అంత దూరం పోయినవారు గడప దాకా పోయి వచ్చారని.

విశేషాలు

ఇది చూడడమెట్లా అవుతుందని ఆక్షేపం. సమాధానం: నంద్యాల వాళ్లకు ఇది కొత్త విద్య కాదు. కార్తీక సోమవారం నాడు పొద్దు పొడిచింది మొదలు గుంకేలోపల ప్రథమనంది నుంచి మహానంది దాకా తొమ్మిది నందులనూ చుట్టి రావడం ఇక్కడి ఆచారం. ప్రథమనందిలో పెట్టిన దణ్ణం చేతుల్లో ఉండగానే నాగనంది వస్తుంది. సోమనంది దగ్గర చెప్పులు విడిచే ఓపిక లేక బస్సు దిగకుండా దణ్ణం పెట్టేవారూ ఉన్నారు. పది రోజుల్లో అరడజను దేశాలు చూపించే కిటుకును టూరు కంపెనీలు ఎక్కడ నేర్చాయో గాని, మన ముత్తవ్వలకు అది ముందే తెలుసు. అయితే నందుల దగ్గర దర్శనమైతే చాలు, ఫలం దక్కినట్టే. ఈఫిల్ టవరు దగ్గర ఆ ఏర్పాటు లేదు.

రుసుమూ కొత్తది కాదు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది చూసుకునే శ్రీశైలం చేరాడు. అప్పటికి ఈ సీమ కుంఫిణీది కాదు, కందనవోలు నవాబుది. 1839లో గాని కుంఫిణీ దాన్ని కలుపుకోలేదు. అంటే కడప వైపు నుంచి ఇటు రావడమే ఒక ఏలుబడి దాటి ఇంకో ఏలుబడిలో అడుగుపెట్టడం. నవాబు మనుషులు యాత్రికుల దగ్గర పన్ను పుచ్చుకునేవారు. వీరాస్వామయ్య ఆ పన్నుతో పాటు ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఏ అంగట్లో సరుకు దొరుకుతుంది, దారి గులకరాయా బురదా అన్నదీ రాసుకున్నాడు. పెద్ద పరివారంతో కదిలేవాడి చూపు అది.

ఇక్కడ ఆళ్లగడ్డ శిల్పి కథ ఒకటి చెబుతారు. ఫ్లోరెన్స్‌లో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ముందు గుంపంతా నిలబడి ఫొటోలు తీస్తోంది. ఎత్తు 5.17 మీటర్లు, అంతకుముందు ఇతర శిల్పులు మొదలుపెట్టి వదిలేసిన రాయి, 1501 నుంచి 1504 దాకా పని. గైడు ఇదంతా చెబుతుండగా మన శిల్పి వెనక్కు పోయాడు. కుడికాలికి ఆనించి చెట్టుమొద్దు ఒకటి ఉంది. చాలాసేపు దాన్నే చూసి, పక్కనున్న బావమరిదిని పిలిచాడట: "ఎనక మొద్దు ఇడిసినాడు సూడప్పా. అది లేకుంటే ఇంత బరువుకు కాలు ఇరిగిపోతాది." గైడు జెండా ఊపింది. ఆయన కదల్లేదు. బస్సు ఆయన కోసం ఆగింది, అందరూ తిట్టుకున్నారు. ఆ గుంపు మొత్తానికి లోనికేగు రుసుము చెల్లించినవాడు ఆయనొక్కడే. అది యూరోల్లో కట్టింది కాదు. ఆళ్లగడ్డ షెడ్డులో రాతిపొడి పీలుస్తూ ఎన్నో ఏళ్లు కట్టింది.

కాబట్టి సిద్ధాంతం ఇది. మనిషి ఊళ్లో దేన్ని చూడడం నేర్చాడో పరదేశంలో దాన్నే చూడగలడు. దీనికి అవతలి వైపు నుంచి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తించి రాశాడు. ఆయన భూగర్భశాస్త్రజ్ఞుడు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్లు వచ్చి లోపల పాకి కొలిచారు. గుహల పొడవు 3,229 మీటర్లు. వాళ్లకు విదేశం, మనకు స్వదేశం. స్విట్జర్లాండు మంచుకొండ మీద ఫొటో దిగిన నంద్యాల వాసుల్లో బెలుంలో వంగి నడిచినవారెందరో లెక్క తీస్తే ఈ పద్యానికి రెండో టీక రాయవలసి వస్తుంది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని బస్సెక్కే ముందు చదివినవారికి కిటికీ పక్క సీటు దొరుకుతుంది. వీసా ఆఫీసు వరసలో చదివినవారికి పొద్దుపోతుంది. అర్థం తెలుసుకుని చదివినవారు కరపత్రంలోని ఊళ్లలో సగం కొట్టేసి, మిగిలిన సగంలో టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోతారు. వారు తిరిగొచ్చి చూపించే ఫొటోలు తక్కువగా ఉంటాయి గనుక చుట్టాలకు కూడా శుభం.