మార్కుల్లేని పాసు

నా ఉద్యోగం గురించి మా అమ్మకు తెలిసింది ఒక్కటే: కంప్యూటర్లకు కాపలా. "వాచ్‌మన్‌కి అంత జీతమా?" అని ఊళ్లో ఎవరైనా నోరెళ్లబెడితే, "రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయిలే" అని సర్దిచెబుతుంది. ఆ కాపలాదారుకి ప్రమోషన్ రావాలంటే సీఐఎస్ఎస్‌పీ పరీక్ష పాసవ్వాలని ఆఫీసులో చల్లగా చెప్పారు.

సమాచార భద్రతలో ఈ పరీక్షది పెద్ద పేరు. 1994లో మొదలైంది. ఆ రోజుల్లోనే, 1994-95లో, తెల్లమచ్చ వైరస్ వచ్చి మా నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టేసింది. ఆ దెబ్బ మా మేనమామ తిన్నాడు, ఈ దెబ్బ నా వంతు.

ఎనిమిది డొమైన్ల సిలబస్. గుప్తలిపి లెక్కల దగ్గర మొదలై ప్రహరీ కంచె ఎన్ని అడుగులుండాలి అనేదాకా పోతుంది. పాసైనా సరిపోదు, ఐదేళ్ల అనుభవం చూపించాలి. ఫీజు 749 డాలర్లు. రూపాయల్లో ఎంతో అమ్మకు చెప్పలేదు. అదీ సమాచార భద్రతే.

పరీక్ష సంగతి ఎట్లాగో పసిగట్టిన అమ్మ మొహర్రం నెలలో నన్ను నెల్లూరు తీసుకుపోయింది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ. కోరిక ఉన్నవాళ్లు రొట్టె అందుకోవాలి, అది తీరాక మరో ఏడు వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇల్లు రొట్టె, వీసా రొట్టె, అన్నీ ఉన్నాయి. సీఐఎస్ఎస్‌పీ రొట్టె మాత్రం కనపడలేదు. చివరికి విద్య రొట్టెతో సర్దుకున్నాం.

ఇంట్లో చదువు సాగక మైపాడు దగ్గర మామ రొయ్యల గుంట గట్టుకి మకాం మార్చాను. మోడల్ టెస్టులో నూటికి 52 వచ్చిన రాత్రి, షెడ్డు ముందు కూలబడి ఉన్నాను. మామ చెక్ ట్రే పైకి లాగి, టార్చి వేసి, మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు.

"ఏంది అల్లుడా, జబ్బు చేసిన రొయ్య మాదిరి ముడుచుకున్నావు?"

"సర్వర్లో దొంగ పడ్డాడు, ముందు ఏం చేస్తావు అని అడిగారు మామా. వైరు పీకేస్తానన్నా. తప్పంట."

మామ ట్రేని మళ్లీ నీళ్లలోకి దించాడు. "సరే, నేనొకటి అడగతా. రాత్రి రెండు గంటలు. కరెంటు పోయింది, ఏరియేటర్లు ఆగిపోయినాయి. జనరేటర్ తిప్పబోయిన పిల్లోడికి షాక్ కొట్టి పడిపోయినాడు. గుంటలో లక్షల సరుకు. ముందేం చేస్తావు?"

నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి గుంట ఖాళీ. ఆమాత్రం నాకూ తెలుసు. "జనరేటర్..." అన్నాను.

"మరి పిల్లోడు?"

నేను నోరు మూసుకున్నాను.

"రొయ్య పోతే ఇంకో పంట ఏసుకుంటాం అబ్బయా. వాళ్లమ్మకి ఏం జెప్తావు?"

గబగబా పుస్తకం తిరగేశాను. అచ్చంగా అదే రాసుంది: అన్నిటికంటే ముందు మనిషి ప్రాణం. తర్వాతే యంత్రం. రిపేరు చేసేవాడిలా కాదు, గుంట యజమానిలా ఆలోచించేవాడికే ఈ పరీక్ష మార్కులు వేస్తుంది.

ఆ రాత్రి నుంచి మామని చదవడం మొదలుపెట్టాను. గుంట పైన వల ఎందుకంటే, కాకి ఒక గుంటలో జబ్బు రొయ్యని ఎత్తుకెళ్లి ఇంకో గుంటలో జారవిడుస్తుంది. చుట్టూ ప్లాస్టిక్ పట్టా పీతలు దూరకుండా. ఒక గుంటలో ముంచిన వల పక్క గుంటలో ముంచితే మామ నోటికి అదుపుండదు. ఇలా వేరువేరుగా ఉంచడాన్నే పుస్తకంలో నెట్‌వర్క్ విభజన అన్నారు. మేత గోడౌన్ తాళం ఒకరి దగ్గర, లెక్కల పుస్తకం ఇంకొకరి దగ్గర. కృష్ణపట్నం ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే చాలు, ఇక్కడ డీజిల్ డబ్బాలు నిండిపోతాయి. మామ ఫెయిలైంది ఒక్కచోటే. సీసీ కెమెరా పాస్‌వర్డ్ షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాసుంది. "మర్చిపోతా కదా" అన్నాడు.

పరీక్షకి ముందురోజు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై చేరాను. పరీక్షా కేంద్రంలో జేబులు తిరగేయించారు, కళ్లజోడు పరీక్షించారు, అరచేయి యంత్రం మీద పెట్టమన్నారు. నరాలు చూసి గుర్తుపడుతుందట. జాతకం కూడా చెప్పేస్తే ఇంటికెళ్లిపోదును. మూడు గంటలు, 100 నుంచి 150 ప్రశ్నలు. సరిగ్గా చెప్పేకొద్దీ కంప్యూటర్ ఇంకా కష్టమైనవి ఇస్తుంది. వెనక్కెళ్లి దిద్దుకునే వీల్లేదు. వంద అయ్యాక, పాసో ఫెయిలో తేల్చేసుకున్నాక ఎక్కడైనా ఆపేస్తుంది.

వందో ప్రశ్నకి జవాబు నొక్కాను. పరీక్ష ఆగిపోయింది. పాసో, ఫెయిలో స్క్రీన్ చెప్పలేదు. రిసెప్షన్లో అమ్మాయి కాగితం మడిచి ఇచ్చింది. గుడ్లప్పగించి మొదటి మాట చదివాను: అభినందనలు.

అమ్మకి ఫోన్ చేశాను.

"ఎన్ని మార్కులు?"

"చెప్పరమ్మా. వెయ్యికి 700 దాటితే పాసు. పాసైనవాళ్లకి మార్కులు ఇవ్వరు."

"పోనీ ఏం ప్రశ్నలిచ్చారు?"

"బయటికి చెప్పకూడదని సంతకం పెట్టాను."

ఫోన్లో కాసేపు మాటల్లేవు. "నాయనా, నువ్వు నిజంగా పరీక్షకే పోయావా?"

సర్టిఫికెట్ చేతికి రావడానికి ఇంకో మెలిక ఉంది. ఇప్పటికే సర్టిఫికెట్ ఉన్నవారొకరు నా అనుభవం నిజమేనని పూచీ పడాలి. పెళ్లి సంబంధానికి వాకబు లాంటిది. అదీ అయింది. ఇక మూడేళ్లలో 120 క్రెడిట్లు సంపాదిస్తేనే అది నిలబడుతుంది.

మొక్కు మాత్రం మిగిలింది. వచ్చే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో, మోకాలి లోతు నీళ్లలో, విద్య రొట్టె పట్టుకుని నిలబడి ఉంటాను. కావలసినవాళ్లు వచ్చి అందుకోండి. 749 డాలర్లు మాత్రం ఎవరివి వాళ్లే కట్టుకోవాలి.