‘మాకు ముందే తెలుసప్పా’ అనడం ఎలా?

ఆనేకల్ బస్టాండు దగ్గర కాఫీ కన్నడంలో చెప్పి, కబుర్లు తెలుగులో ఆడుకునేవాళ్లు తక్కువేమీ కాదు. ఇటు పోతే హోసూరు, అటు పోతే బన్నేరుఘట్ట. మధ్యలో మూడు నాలుగు భాషలు ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చుంటాయి. అలాంటి బెంచీ మీద పొద్దున ఏడున్నరకి ముగ్గురున్నారనుకుందాం. జిగణి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు దిగొచ్చిన కుర్రాడు, ఇంట్లో పట్టు మగ్గం ఉన్న పెద్దాయన, మెజెస్టిక్ బస్సు కోసం చూస్తున్న రిటైర్డు మాస్టారు. వన్ బై టూ కాఫీ చెప్పి, ఖాళీ గ్లాసు ఇంకొకటి అడిగి పుచ్చుకున్నారు.

కుర్రాడి ఫోనులో ఒక రీల్ తిరుగుతోంది. ఒకప్పుడు లోకాన్ని ఊపేసిన ఇంగ్లీషు గాయకుడు జార్జ్ మైకేల్ తాను గేనని ఒప్పేసుకున్నాడట! వెనకాల గుండెలదిరే మ్యూజిక్కు, ముందర ఎర్రక్షరాలు. వార్త నిజమే. కాకపోతే 1998 ఏప్రిల్ నాటిది. ఆ మనిషి 2016 డిసెంబరు 25న పోయాడు కూడా. రీల్సుకి తిథి, వారం, నక్షత్రాలతో పని లేదు.

అలాగని ఊరుకుంటారా? ఇలాంటి కబురు చెవిన పడ్డాక మొదటి మూడు సెకన్లూ చాలా ముఖ్యం. తడబడితే పక్కవాడు ఆ మాట అనేస్తాడు. ఆ బెంచీ మీద అందరికంటే ముందు అన్నది మాస్టారు: “మాకు ముందే తెలుసప్పా!”

తెలుగు సినిమా పాటలో పెద్ద పేరున్న గాయకులెవరూ ఇంకా ఇలాంటి మాట చెప్పుకోలేదు గనక మనవాళ్లకి సాధన తక్కువ. రేపెప్పుడో ఆ కబురు సొంత భాషలోనే వస్తే నోరు వెళ్లబెట్టకుండా ఉండటానికి, పరాయి దేశాల అభిమానులు ఎలా నెగ్గుకొచ్చారో చూసి నేర్చుకోవడం మంచిది.

ఇది మొదటి మెట్టు. ముందే తెలిసినవాడు పాటించాల్సిన నియమం ఒక్కటే. ఎప్పుడు తెలిసిందో, ఎలా తెలిసిందో చెప్పకూడదు. ఎవరైనా గుచ్చి అడిగితే “ఆ నడక చూళ్లా? ఆ జుట్టు చూళ్లా?” అని ఎదురు ప్రశ్న వేయాలి. ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడు జ్యోతిష్కుడు వాడే పద్ధతే ఇది.

అమెరికాలో క్లే ఐకెన్ అనే గాయకుడి దగ్గర ఈ విద్య బాగా పండింది. 2003లో ‘అమెరికన్ ఐడల్’ పోటీలో సుమారు 2 కోట్ల 40 లక్షల ఓట్లు పడితే, లక్షా ముప్ఫై నాలుగు వేల తేడాతో రెండోస్థానంలో మిగిలాడు. ఓడినవాడి మీద జాలి ఎక్కువ కదా, ఆ అక్టోబరులో వచ్చిన తొలి ఆల్బమ్ మొదటి వారంలోనే 6 లక్షల 13 వేలు అమ్ముడైంది. ‘క్లేమేట్స్’ అని పేరు పెట్టుకుని ఆడవాళ్లు ఊరూరా అతని వెంట తిరిగారు. 2008 సెప్టెంబరులో, బిడ్డ పుట్టిన కొద్దివారాలకి, ‘పీపుల్’ పత్రిక అట్ట మీద బిడ్డను ఎత్తుకుని తాను గేనని చెప్పాడు. అబద్ధాల మధ్య పిల్లాణ్ని పెంచలేనన్నాడు.

అప్పుడు దేశమంతా ఒక్క గొంతుతో ‘ఎవరికి తెలీదు?’ అంది. టీవీ హాస్యగాళ్లు పండగ చేసుకున్నారు. అందరికీ తెలిసిన సంగతే అయితే అంతకు ముందు ఐదేళ్లూ విలేకరులు అతన్ని కనిపించినచోటల్లా అదే ప్రశ్నతో ఎందుకు పొడిచారో, మర్నాడు కన్నీళ్లు పెట్టుకున్న ఆ అభిమానులెవరో లెక్క తేలదు. లెక్క తేల్చమని ఎవరైనా అడిగితే వెంటనే రెండో మెట్టుకి దూకాలి.

రెండో మెట్టు ‘ఇప్పుడు ఎవరడిగారట?’

ఇది కాస్త కష్టమైన విద్య. దీనికి ముందు కనీసం పదేళ్లు అడిగి ఉండాలి. రికీ మార్టిన్ సంగతి చూడండి. 1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్ పాటతో, మరుసటేడు ‘లివిన్ లా వీడా లోకా’తో, మన కాలేజీ వార్షికోత్సవాల దాకా వచ్చేసిన పోర్టోరికో గాయకుడు. 2000 మార్చిలో బార్బరా వాల్టర్స్ అనే పేరుమోసిన టీవీ విలేకరి అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ పుకార్లు ఆగాలంటే అవునో కాదో మీరే చెప్పెయ్యొచ్చు కదా అని అడిగింది. తప్పించుకుంటే మళ్లీ అదే చోటికి లాక్కొచ్చింది. దేశమంతా చూస్తోంది. ఆ కుర్రాడి ముఖం మీద నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం తలుపెక్కడుందా అని వెతుకుతున్నాయి. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, ఓపికున్నవాళ్లు చూడొచ్చు.

పదేళ్లు గడిచాయి. 2010 మార్చి 29న, ఇద్దరు కవలపిల్లల తండ్రయ్యాక, తన వెబ్‌సైటులో తనే ఒక ఉత్తరం రాసి పెట్టాడు. తాను అదృష్టవంతుడైన స్వలింగ సంపర్కుణ్నని చెప్పుకున్నాడు. అదే జనం వెంటనే ‘ఇవన్నీ బజారుకెక్కించడం అవసరమా? ఎవరడిగారట?’ అన్నారు. బార్బరా వాల్టర్స్ మాత్రం తానడిగిన ప్రశ్న తగనిదని ఆ ఏడాదే ఒప్పుకుంది. ప్రేక్షకులు ఇలాంటి బలహీనతలకు లోనుకాకూడదు.

మనవాళ్లు ఇంత మొరటుగా అడగరు, మన పద్ధతి వేరు. ముప్ఫై దాటిన మగవాడు పాటకచేరీకి ఒంటరిగా వస్తే ‘పెళ్లెప్పుడు?’ అంటారు. ఉగాదికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఎవరింట్లో గృహప్రవేశమైతే అక్కడొకసారి. ఇరవయ్యేళ్ల పాటు ఇలా అడిగి అడిగి, అతను నిజంగానే జవాబు చెప్పిన రోజున చెవులు మూసుకుని ‘పడకగది సంగతులు మనకెందుకప్పా’ అనాలి. తన పెళ్లికి బస్టాండు నుంచి దేవళం దాకా ఫ్లెక్సీలు కట్టించి, ఒక్కో ఫ్లెక్సీలో నలభై ముఖాలు కుక్కించినవాడు అంటే ఈ మాట మరీ శోభిస్తుంది.

పెళ్లి ప్రశ్న అడిగేవాళ్లకి ఈమధ్య ఇంకో సౌకర్యం కూడా వచ్చింది. 2021 డిసెంబరు 18న హైదరాబాద్ శివార్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ఇద్దరూ పెద్దల ఎదుట, స్నేహితుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. ఆ పెళ్లిని చట్టం కూడా గుర్తించాలని సుప్రీంకోర్టుకెళ్లారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కుదరదంది. కాబట్టి ఇకమీదట ‘పెళ్లెప్పుడు?’ అని మొదలుపెట్టి, జవాబు విన్నాక ‘అయినా మీకు చట్టం ఒప్పుకోదు కదా’ అని ముగించొచ్చు. సంభాషణ ఎక్కడ మొదలైందో చక్కగా అక్కడికే వస్తుంది.

అసలు చట్టం పేరెత్తేవాళ్లు క్యాలెండరు దగ్గర పెట్టుకోవాలి. 377 సెక్షను పుణ్యమా అని ఈ ప్రేమ నేరమా కాదా అన్నది తారీఖుని బట్టి ఉండేది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు నేరం కాదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు మళ్లీ నేరమేనంది. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు కాదంది. నిజం చెప్పుకోదలిచిన పాటగాడికి మొదటి విడతలో నాలుగేళ్ల ఐదు నెలల గడువు దొరికిందన్నమాట. అప్పుడు నోరు విప్పనివాణ్ని ‘ఇన్నాళ్లూ దాచాడు’ అనొచ్చు. విప్పినవాణ్ని ‘చూడు, ఎంత తొందరో’ అనొచ్చు.

మూడో మెట్టు పాటల మీద విచారణ. అభిమాని పాత క్యాసెట్లన్నీ దించి, ఏ ప్రేమపాట ఎవరిని తలుచుకుని పాడాడో నిర్ణయించాలి. జార్జ్ మైకేల్ 1984 నాటి ‘కేర్‌లెస్ విస్పర్’ ఇందుకు బాగా పనికొస్తుంది. పల్లవి తెలియనివాడికి కూడా ఆ శాక్సఫోన్ తెలుసు. బెంగళూరులో లిఫ్టులు మొదలుకుని పెళ్లి రిసెప్షన్ల దాకా మోగిన రాగం. 1998 ఏప్రిల్ 7న బెవర్లీ హిల్స్‌లో పార్కు మూత్రశాల దగ్గర మఫ్టీ పోలీసులు అతన్ని పట్టుకున్నాక, ఆ శాక్సఫోన్‌లో ఏదో మోసం ఉందని చాలామందికి హఠాత్తుగా వినిపించింది. అతనేమో మూడు రోజులకే సీఎన్ఎన్‌లో కూర్చుని అవును, గేనన్నాడు. కోర్టు వేసిన 810 డాలర్ల జరిమానా కట్టి, 80 గంటల సమాజసేవా చేశాడు. ఆ ఏడాదే ‘అవుట్‌సైడ్’ అనే పాట తీసి, దాని వీడియోలో మూత్రశాలనే డిస్కోగా మార్చి, తనే పోలీసు బట్టలేసుకుని ఆడాడు. సిగ్గుపడతాడని కాచుకు కూర్చున్నవాళ్లకి ఇంతకంటే ద్రోహం ఉండదు.

పాట ఎవరి కోసం పాడాడన్న విచారణ మన దగ్గర నడిపితే ఎంతమంది నిలబడతారో చెప్పడం కష్టం. అరవయ్యేళ్ల కవి రాసి, మనవలున్న గాయకుడు పాడి, కాలేజీ కుర్రాడినంటూ నడివయసు హీరో పెదాలు కదిపితే, విన్న పిల్లలు మూడు తరాలుగా ప్రేమలో పడుతూనే ఉన్నారు. గణేశ పండగ ఆర్కెస్ట్రాలో మీసాలున్నాయన ఆడగొంతుతో జానకమ్మ పాటెత్తుకుంటే, ఈలలు ఆగవు. వన్స్‌మోర్ కూడా అడుగుతారు.

కరగ పండగ రాత్రి సంగతి చెప్పనే అక్కర్లేదు. మగవాడు చీర కట్టి, గాజులేసి, తాళి కట్టుకుని, మల్లెల గుడారంలా కదిలొస్తుంటే, చుట్టూ వీరకుమారులు కత్తులు పట్టుకుని నడుస్తుంటే, రోడ్డుకి రెండు పక్కలా జనం ద్రౌపదమ్మే వచ్చిందని చేతులు జోడిస్తారు. పిల్లల్ని భుజాలకెత్తి చూపిస్తారు. మర్నాడు అదే రోడ్డు మీద కాస్త మెత్తగా నడిచే కుర్రాణ్ని చూసి అదే జనం ‘తేడా’ అంటారు. తెలుగు సినిమా హాస్యం ఏళ్ల తరబడి నేర్పిన మాట అది.

ఇక్కడ ఒక పిడకలవేట. చీర కట్టడానికీ, మనసు ఎవరి మీద పోతుందన్నదానికీ సంబంధం లేదు. సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని మరిపించి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు మహానటుడు, అంతే. మంచి ప్రేక్షకుడు మాత్రం వేషాన్నీ మనసునీ ఒకే మూటలో కట్టేయాలి. విప్పి చూస్తే మెట్లన్నీ కూలిపోయే ప్రమాదం ఉంది.

నాలుగో మెట్టు కన్నవాళ్ల కోసం కుమిలిపోవడం. ఇంతకు ముందెప్పుడూ తలుచుకోని ఆ తల్లిదండ్రులు ఇప్పుడు హఠాత్తుగా సొంత మేనత్త, మేనమామల్లా కనిపించాలి. గాయకురాలు కాకపోయినా మనకు దగ్గరి ఉదాహరణ ద్యుతీ చంద్. ఒడిశా పల్లెలో నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర పరుగు దిద్దుకున్న అమ్మాయి. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. 2019 మేలో తాను ఒకమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. మా నేతపనివాళ్లలో ఇలాంటివి ఒప్పుకోరని తల్లి విలేకరుల ముందు బాధపడింది. ఆనేకల్ బెంచీ మీది మగ్గం పెద్దాయన ఈ కథ వింటే, అక్కడిదాకా తలూపుతాడు.

ఆ ఏడాది జులైలోనే ఇటలీలోని నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు జరిగాయి. 100 మీటర్లు 11.32 సెకన్లలో పరిగెత్తి ద్యుతీ బంగారు పతకం గెలిచింది. అక్కడ ఆ పతకం తెచ్చిన మొదటి భారతీయురాలు. అలాంటి సందర్భం ఎదురైతే పరువు పోయిందన్న వాక్యం నోట్లో సగంలో ఉండగానే ‘మన అమ్మాయి’ అనే వాక్యంలోకి మారిపోవాలి. దీనికి పదకొండు సెకన్లు చాలు.

మంచివాళ్లకి కూడా ఒక మెట్టుంది. ‘అయితే ఏం, నేను మాత్రం అతన్ని మనిషిలాగే చూస్తాను’ అని నలుగురిలో ప్రకటించడం. నిన్నటిదాకా ఎలా చూశారని ఎవరూ అడగరు. ‘నాకూ ఒక గే ఫ్రెండున్నాడు’ అని కలిపితే మరీ మంచిది. ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఆఫీసుల్లో జూన్ రాగానే లోగో ఇంద్రధనుస్సవుతుంది, జులై ఒకటికి పాత రంగుకొస్తుంది. 2008 నుంచి బెంగళూరు వీధుల్లో ప్రైడ్ నడక నడిచేవాళ్లు ఎండలో చెమటోడ్చి నడుస్తారు. లోగోకి చెమట పట్టదు.

ఏ మెట్టూ ఎక్కని అభిమానులు కూడా లోకంలో ఉన్నారు. అమెరికా గాయకుడు బ్యారీ మానిలో, మేనేజరు గ్యారీ కీఫ్‌తో దాదాపు నలభయ్యేళ్లు కలిసి బతికి, 2014లో గుట్టుగా పెళ్లాడి, 2017లో డెబ్బై మూడేళ్ల వయసులో నోరు విప్పాడు. ఆడ అభిమానుల గుండె పగులుతుందని అన్నాళ్లూ భయపడ్డాడట. వాళ్లేమో సంతోషించారు. 2023 జులై 26న టోక్యోలో షింజిరో అతాయే అనే పాప్ గాయకుడు రెండు వేలమంది అభిమానుల ముందు చేతిలో కాగితం పట్టుకుని, గొంతు వణుకుతుండగా తన సంగతి చదివాడు. హాలంతా చప్పట్లు, కేకలు, ఏడుపులు. ఆ రెండు వేలమందిలో ‘ముందే తెలుసు’ అన్నవాళ్లుంటే, ఆ చప్పట్లలో వినపడలేదు. ఇలాంటివాళ్లతో ఈ మార్గదర్శికి పని లేదు.

బెంచీ మీద కాఫీ అయిపోవచ్చింది. మగ్గం పెద్దాయన అడుగున మిగిలిన పంచదార గిరగిరా తిప్పుతున్నాడు. మాస్టారు ఆ ఇంగ్లీషాయన ముఖం చూడగానే తనకెలా తెలిసిపోయిందో మూడోసారి చెబుతున్నారు. గడ్డం గీసుకునే తీరులోనే ఉందట. ఇంతలో ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. సన్నగా మొదలై మెలికలు తిరుగుతూ దిగే శాక్సఫోన్.

కుర్రాడు తన ఫోనూ, మాస్టారి జేబూ మార్చి మార్చి చూశాడు. “సార్, ఈ పాట ఆయనదే కదా?”

మాస్టారు ఫోను కట్ చేసి, జేబులో ఇంకాస్త లోపలికి తోశారు.

“మనవడు పెట్టిచ్చినాడు. నాకేం తెలీదప్పా.”