టైం కావాలండీ!

1984లో పార్లమెంటుకు జాలి పుట్టింది. ఆలుమగల తగువులో, పిల్లల గొడవలో నల్లకోటు ఎందుకనుకుని ఫ్యామిలీ కోర్టుల చట్టం చేసింది. లాయరును పెట్టుకోవడం ఇక్కడ హక్కు కాదంది పదమూడో సెక్షన్. సాక్ష్యాల చట్టం చాదస్తం అక్కర్లేదంది పద్నాలుగో సెక్షన్. ఎవరి గోడు వాళ్లే వచ్చి చెప్పుకోవచ్చు.

ఇది చదివి నమ్మిన తల్లి ఒకామె ఉందనుకోండి. నాలుగేళ్ల కొడుకును మొగుడు తీసుకుపోయి వాళ్లమ్మ దగ్గర పెట్టాడు. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్. ఆమెకది కంఠతా వచ్చు. వాయిదా అనే మాటకు అర్థమే ఇంకా తెలియదు.

"వకాలత్ ఏదమ్మా?" ఫైలింగ్ దగ్గర మొదటి ప్రశ్న.

"లాయరు లేరండీ, నేనే."

గుమస్తాగారు కళ్లజోడు పైకి నెట్టుకుని, రోడ్డు మీద ఏనుగును చూసినట్టు చూశారు. "ఎవరినైనా పెట్టుకోండమ్మా, మీకే మంచిది." దేవుడు వరమిచ్చాడు కానీ పూజారికి ఇంకా జీవో అందలేదు. మార్జిన్ చాలదని ఒకసారి పిటిషన్ వెనక్కొచ్చింది. పెళ్లి ఫొటో మీద సంతకం లేదని ఇంకోసారి. రెండు తప్పులూ ఒకేసారి చెబితే ఆమె ఒకేసారి దిద్దుకునేదే. అలా చెబితే ఆఫీసు పరువేం కాను?

అవతలివాళ్లకు మాత్రం లాయరున్నాడు. హక్కు కాదు సరే, అనుమతి అడిగితే కాదనేదెవరు? ఆయన వాదించిందేమీ లేదు. పిలిచినప్పుడల్లా లేచి "టైం కావాలండీ" అన్నాడు, కోర్టు ఇచ్చింది. మధ్యలో ఒకరోజు లాయర్లు విధులు బహిష్కరించారు. లాయరే లేని ఈమె కేసూ వాయిదా పడింది!

వేసవి సెలవుల్లో పది రోజులు బాబును పంపించమని ఐ.ఏ., అంటే మధ్యంతర పిటిషన్, వేసింది. ఏప్రిల్లో కౌంటరుకు టైం. మేలో కోర్టుకే వేసవి సెలవులు. జూన్‌లో బడి తెరిచారు కాబట్టి పిటిషన్‌కు కాలం చెల్లిందని కొట్టేశారు. అందరి సెలవులూ సజావుగా గడిచాయి.

ఎట్టకేలకు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. గోడు తెలుగులో, ఉత్తర్వు ఇంగ్లీషులో. 'ఎవ్రీ సెకండ్ సాటర్‌డే' కోర్టు ఆవరణలో రెండు నుంచి నాలుగు దాకా తల్లి బిడ్డను చూసుకోవచ్చట. అంటే శనివారం విడిచి శనివారమా, నెలలో రెండో శనివారమా? రెండో శనివారమైతే కోర్టుకు సెలవు, గేటుకు తాళం. అత్తగారు ఆ అర్థాన్నే ఖాయం చేసుకుంది. తల్లి గేటు బయట నిలబడింది, మనవడు ఇంట్లో కార్టూన్ చూశాడు, ఉత్తర్వు అక్షరాలా అమలైంది. అర్థం చెప్పించుకోవడానికి ఇంకో ఐ.ఏ. దానికి కౌంటరు. కౌంటరుకు టైం.

ఈలోగా బాబుకు ఐదు నిండాయి. అవతలి లాయరు తొలిసారి "టైం కావాలండీ" అనకుండా లేచాడు. "ఆరో సెక్షన్ ఇక వర్తించదండీ. పైగా బాబు అక్కడ అలవాటుపడ్డాడు. కదిలిస్తే సంక్షేమానికి భంగం." ఏడాదిగా అలవాటు చేసిందెవరో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. బిడ్డ సంక్షేమమే సర్వోన్నతం మరి. అంత ఎత్తున పెడితే ఎవరికి అందుతుంది?

చివరికి, పిల్లవాడికి ఊహ తెలిస్తే వాడి ఇష్టాన్నీ గమనించవచ్చని 1890 నాటి గార్డియన్స్ చట్టం చెబుతోంది గనుక, జడ్జిగారు వాణ్ణి ఛాంబర్‌లోకి పిలిచారు. ప్రతి వాయిదాకూ నానమ్మ ఒళ్లో కూర్చుని కోర్టు హాలంతా విన్నవాడే. చాక్లెట్ ఇచ్చి, బుగ్గ నిమిరి అడిగారు.

"ఎవరి దగ్గర ఉంటావు నాన్నా? అమ్మ దగ్గరా, నాన్న దగ్గరా?"

వాడు చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"టైం కావాలండీ."

ఇచ్చారు. వచ్చే నెల 18కి.