రిటైరయ్యాక వైద్యానికి తలకిందుల సలహాలు

అమెరికాలో రిటైర్మెంటు దగ్గర పడ్డ మనవాళ్లకు నేను చెప్పే సలహాలు చాలామందికి తలకిందులుగా తోస్తాయి. ఆలోచించే చెబుతున్నాను.

మొదటిది, "జీవితాంతం మీ వైద్యం మాది" అని కంపెనీ మాటిస్తే పొంగిపోకండి. "ఆ భారం మాకొద్దు, డబ్బు ట్రస్టులో వేసి తప్పుకుంటాం" అంటే మాత్రం కోప్పడకుండా వినండి. 1974 నాటి ఎరిసా చట్టం పెన్షనుకు ఇచ్చిన రక్షణ, రిటైరైనవాళ్ల వైద్యానికి ఇవ్వలేదు. ఒప్పందంలో స్పష్టంగా రాయకపోతే కోర్టులు దాన్ని జీవితాంతపు హామీగా ఊహించుకోకూడదని 2015లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

జనరల్ మోటార్స్‌లో ఏం జరిగిందో చూడండి. ఆఫీసు ఉద్యోగాలు చేసి రిటైరై 65 దాటినవాళ్లకు 2009 జనవరి నుంచి కంపెనీ వైద్యం ఆపేసింది. బదులుగా పెన్షనుకు నెలకు 300 డాలర్లు కలిపింది. ఆ జూన్‌లో కంపెనీయే దివాలా కోర్టుకెక్కింది. ఫ్యాక్టరీ కార్మికుల సంఘం మాత్రం 2007లోనే వైద్యం బాధ్యతను కంపెనీ నుంచి విడదీసి వీబా అనే, ఉద్యోగుల వైద్యం డబ్బును విడిగా ఉంచే ట్రస్టుకు మార్చే ఒప్పందం చేసుకుంది. దివాలా సమయంలో రావాల్సిన డబ్బులో కొంతకు బదులు కొత్త కంపెనీలో 17.5 శాతం వాటాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అయినా 2010 నుంచి ఆ వైద్యం ట్రస్టు చేతుల మీదుగానే నడుస్తోంది. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో ఇంజనీర్లుగా చేసే మనవాళ్లలో ఎక్కువమందికి సంఘం లేదు, వాళ్లది ఆ ఆఫీసు ఉద్యోగుల వరస. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వీబా కొత్తదేమీ కాదు, 1928 నుంచి పన్నుల చట్టంలో ఉంది. యాజమాన్యం వేసిన డబ్బు ఉద్యోగుల కోసం విడిగా ఉంటుంది. వైద్యానికి తీసుకుంటే దానిమీద పన్ను పడదు. అలాగని ట్రస్టు పేరు వినగానే నిశ్చింతగా ఉండొద్దు. కాటర్‌పిల్లర్ రిటైరీల కోసం 1998లో పెట్టిన ట్రస్టు కొన్నేళ్లకే ఖాళీ అయింది. ఎంత వేస్తారు, అది ఎన్నేళ్లకు సరిపోతుందని లెక్క కట్టారు అని మొహమాటం లేకుండా అడగండి.

రెండోది, చేతికొచ్చే డబ్బు వద్దనండి. వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు రిటైరయ్యేటప్పుడు మిగిలిన సిక్ లీవులో నాలుగు గంటలకు ఒక గంట జీతం లెక్కన వస్తుంది. అది నగదుగా తీసుకోవాలా, వీబాలో మీ పేరిట ఉండే ఖాతాలో వేయాలా అన్నది ఎవరికి వారు తేల్చుకునేది కాదు, మీ గ్రూపంతా కలిసి తేల్చాలి. వీబాకే ఓటేయండి. ఆ మొత్తం 12,000 డాలర్లు అనుకుందాం. నగదుగా తీసుకుంటే, 22 శాతం పన్ను, 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు పోను చేతికి 8,442 వస్తాయి. వీబాలో 12,000 పన్నెండు వేలుగానే ఉంటాయి. ఎలాగూ ఆ డబ్బులో చాలా భాగం మందులకే పోతుంది కదా!

ఇక మూడోది మన పెద్దవాళ్లకు అస్సలు నచ్చదు. వీబాలోని డబ్బు పిల్లలకని దాచకండి, వాడేయండి. మీ తర్వాత మీ భార్యో భర్తో, మీమీద ఆధారపడ్డవాళ్లో వాడుకోవచ్చుగానీ, ఉద్యోగాల్లో స్థిరపడ్డ పిల్లలకు అది ఆస్తిగా రాదు. మెడికేర్ పార్ట్ బీ ప్రీమియం 2025లో నెలకు 185 డాలర్లు. సోషల్ సెక్యూరిటీలోంచి ముందే కోసేస్తారు కాబట్టి చాలామందికి అది ఖర్చుగానే కనిపించదు. రిటైరీ వీబా ఖాతాలు సాధారణంగా దాన్ని తిరిగి ఇస్తాయి. నెలనెలా అడిగి తీసుకోండి.

హైదరాబాదులో కంటి ఆపరేషన్ చేయించుకుంటే మామూలుగా మెడికేర్ పైసా ఇవ్వదు. పన్ను చట్టం మాత్రం విదేశంలో చేయించుకున్న వైద్యాన్ని కూడా వైద్యంగానే ఒప్పుకుంటుంది, కాబట్టి ఆ ఖర్చును వీబా ఖాతా నుంచి అడగొచ్చు. అయితే బిల్లింగ్ కౌంటర్లో ఇచ్చే, "మొత్తం ముట్టింది" అని ముద్ర కొట్టిన చిన్న రసీదుతో పని జరగదు. పేషెంటు పేరు, తేదీ, ఏ వైద్యానికి ఎంత అన్నది విడివిడిగా రాసిన బిల్లు అడగండి. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి రాస్తే ఊరుకోకండి, పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయమనండి. అక్కడి మెడికల్ షాపులో కొని సూట్‌కేసులో తెచ్చుకున్న మందుల బిల్లు మాత్రం పంపకండి, అది చెల్లదు.