మరయు మాయయు: ఒక యాపిల్ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలము

తే.గీ.
కొన్న యంత్రము నీదయా కొలువు మాది
మరయు మాయయు నొక్కటే మాటలేల
విప్పవలదయ్య మరలను వేరు చోట
ఒప్పుకొన్నట్టి వాడవీ వొత్తినపుడె

అవతారిక

ఇది నాయకుడు కొనుగోలుదారుతో పలికిన పద్యం. నాయకుడు కాలిఫోర్నియాలోని కుపర్టినో నగరవాసి. ధీరోదాత్తుడని భక్తులంటారు, ధీరోద్ధతుడని మరమ్మతుదారులంటారు. డబ్బా తెరిచి, పైపొర ఒలిచి, భాష ఎంచుకొని, వై-ఫై తగిలించాక తెర మీద నిలువెత్తు ఒప్పందం ప్రత్యక్షమయ్యే ఘడియ దీనికి సందర్భం. అసలు ఒప్పందం లాయర్ల గద్యంలో పుటల కొద్దీ ఉంది. దాన్ని తేటగీతిలోకి కుదించినవాడు ఈ వ్యాఖ్యాతే. యతి తప్పితే తిట్లు నాకు, నీతి తప్పితే వారికి.

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకొని వ్యాఖ్యానాలు రాశాడు. ఆ నియమం పాటిస్తే ఈ టీకా ఇక్కడే ముగించాలి. కనుక పాటించడం లేదు.

ప్రతిపదార్థము

అయా = ఓ కొనుగోలుదారుడా; కొన్న = రొక్కమిచ్చో, వాయిదాల మీదో తెచ్చుకొన్న; యంత్రము = పెట్టె, తెర, మీటలు, వాటి లోపలి చిప్పు; నీది = నీ సొత్తే; కొలువు = ఆ పెట్టెలో కొలువుండి పెత్తనం చేసేది, అనగా ఆపరేటింగ్ సిస్టమ్; మాది = మా సొత్తు, నీకిచ్చింది లైసెన్సు మాత్రమే; మరయున్ = హార్డ్‌వేరును; మాయయున్ = సాఫ్ట్‌వేరును; ఒక్కటే = వేరు చేయరానివి; మాటలు + ఏల = చర్చ అనవసరం; అయ్య = మళ్లీ సంబోధన, వద్దనేటప్పుడు మర్యాద పెరగడం సహజం; వేరు చోట = మేము గుర్తించని దుకాణంలో; మరలను = స్క్రూలను; విప్పవలదు = విప్పరాదు; ఈవు = నువ్వు; ఒత్తినపుడె = అంగీకారపు మీట నొక్కిన క్షణానే; ఒప్పుకొన్నట్టి వాడవు = దీనికంతటికీ కట్టుబడినవాడవు.

తాత్పర్యము

సుగమం.

విశేషములు

"కొలువు మాది." ఇక్కడ శంక. ఇల్లు అమ్మినవాడు తాళంచెవి తన దగ్గరే ఉంచుకొని, తలుపు రోజూ నేనే తీసిపెడతానంటే అది అమ్మకమేనా? సమాధానం: అమ్మకమే. సాఫ్ట్‌వేరును అమ్మడం లేదు, వాడుకోనిస్తున్నాం అని ఒప్పందంలో స్పష్టంగానే ఉంది. ఈ మాట విండోస్ వారూ అంటారు. కాకపోతే వాళ్లు ఏ కంపెనీ పెట్టెలో పెట్టుకొంటావో నీ ఇష్టానికి వదిలారు. యాపిల్ వారు పెట్టె కులగోత్రాలు కూడా నిర్ణయించారు.

ఇక్కడొక పాఠాంతరం ఉంది, వ్యాఖ్యాతలకు విందు. 2007 నాటి మ్యాక్ ఓఎస్ లెపర్డ్ ప్రతిలో ఈ సాఫ్ట్‌వేరును "యాపిల్ లేబుల్ ఉన్న" కంప్యూటర్లో మాత్రమే పెట్టుకోవాలని ఉంది. అప్పట్లో యాపిల్ వారికేమో తమ సరుకుతో పాటు కొరికిన పండు స్టిక్కర్లు ఇచ్చే అలవాటు ఉండేది. ఇంకేం! ఏ పెట్టె కొన్నా స్టిక్కర్ అంటిస్తే లేబుల్ ఉన్నట్టే కదా అని ఒక వర్గం వ్యాఖ్యాతలు వాచ్యార్థాన్ని పట్టుకొని కూర్చున్నారు. 2009లో వచ్చిన స్నో లెపర్డ్ ప్రతిలో లేబుల్ పోయి "యాపిల్ బ్రాండ్" అన్న పాఠం వచ్చింది. పరిష్కర్తల పేర్లు తెలియవు కానీ ఆ స్టిక్కర్ వ్యాఖ్యానాన్ని వాళ్లు చదివారనే నా అనుమానం.

ఆ రెండు పాఠాల మధ్యే ఫ్లోరిడాలో సైస్టార్ అనే చిన్న కంపెనీ పుట్టింది. 2008లో మామూలు విడిభాగాలతో పెట్టెలు కట్టి, మ్యాక్ సాఫ్ట్‌వేరును అందులో ఎక్కించి, 399 డాలర్ల నుంచి అమ్మడం మొదలుపెట్టింది. కొద్ది నెలల్లోనే యాపిల్ దావా వేసింది. 2009 నవంబరులో జడ్జి విలియం ఆల్సప్ యాపిల్ పక్షాన తీర్పిచ్చారు, 2011లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. పోటీదారు తన సొంత ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకోకుండా ఈ ఒప్పందం అడ్డుపడటం లేదు కదా అన్నది అప్పీలు కోర్టు తర్కం. నాకు ఈ తర్కంతో పేచీ లేదు. ఒకరు కష్టపడి రాసింది తెచ్చుకొని ఇంకొకరు అంగడి పెడితే ఏ రాజ్యంలోనూ ఒప్పుకోరు. అయితే ఆ తీర్పుతో ఇంట్లో తన పాత పెట్టెలో సరదాకి మ్యాక్ ఎక్కించుకొన్నవాడి నోరు కూడా మూయించాలని చూసే భక్తులుంటారే, వాళ్లతో పేచీ. ఎక్కించినది అమ్మినవాడు వేరు, వాడుకొన్నవాడు వేరు. ఒప్పందం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది నిజమే, న్యాయం కూడా కట్టాలా?

"మరయు మాయయు నొక్కటే." ఈ పాదమే పద్యానికి ప్రాణం. సాఫ్ట్‌వేరు మీద నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్లు హార్డ్‌వేరు కూడా తామే చేసుకోవాలన్న కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ కే మాటను 2007లో ఐఫోన్ ఆవిష్కరణ వేదిక మీద స్టీవ్ జాబ్స్ తెరకెక్కించాడు. ఈ మతానికి అదే మహావాక్యం.

కానీ పూర్వపక్షి ఊరుకోడు. మొదటి పాదంలో యంత్రం నీది, కొలువు మాది అని పంచుకొని, రెండో పాదంలో రెండూ ఒక్కటే అనడం స్వవచన వ్యాఘాతం కాదా? కాదు. అధికరణ భేదం. దుకాణంలో ఉన్నంతసేపూ అద్వైతం: ఈ తెర, ఈ చిప్పు, ఈ సాఫ్ట్‌వేరు ఒకదాని కోసం ఒకటి పుట్టాయి, అందుకే ఈ ధర. బిల్లు చేతికొచ్చాక ద్వైతం: ఇది నీది, అది మాది.

ఈ సిద్ధాంతం పుట్టుకతో వచ్చింది కాదు. 1977 నాటి యాపిల్-2లో అదనపు కార్డులు గుచ్చుకోవడానికి 8 గాళ్లుండేవి. జాబ్స్ రెండు చాలన్నాడు, స్టీవ్ వోజ్నియాక్ పట్టుబట్టి ఎనిమిదీ పెట్టించాడు. 1984 జనవరిలో మాకింతోష్ వచ్చేసరికి అలాంటి గాడి ఒక్కటీ లేదు. పైగా పెట్టె విప్పాలంటే మామూలు స్క్రూడ్రైవర్ చాలదు, పొడుగాటి కాడ ఉన్న ప్రత్యేకమైనది కావాలి. మాకింతోష్‌ను తయారుచేసిన బృందమంతా పెట్టె లోపలి గోడ మీద సంతకాలు పెట్టింది, ఆ సంతకాలు అచ్చులో పోసి మరీ ప్రతి పెట్టెలోనూ వేశారు. కొన్నవాడు ఎన్నటికీ చూడకూడని చోట కర్తృనామం! ఇంత అందమైన గర్వం నాకు ఇంకెక్కడా కనపడలేదు. తిట్టాలో మెచ్చుకోవాలో తేలని ఇలాంటి చోట్లు ఈ కంపెనీ చరిత్ర నిండా ఉన్నాయి.

నడుమ ఒకసారి మతం మార్చారు. 1995 నుంచి పవర్ కంప్యూటింగ్, మోటరోలా, యూమాక్స్ వంటి కంపెనీలు లైసెన్సు తీసుకొని మ్యాక్ నకళ్లు చేశాయి. సంత పెరుగుతుందని యాపిల్ అనుకొంది. నకళ్లు చవగ్గా, కొన్ని మరింత వేగంగా ఉండటంతో యాపిల్ గిరాకీయే అటు మళ్లింది. 1997లో జాబ్స్ తిరిగొచ్చాక చేసిన చికిత్స వ్యాకరణ శాస్త్రానికి చెందినది. నకలు కంపెనీల ఒప్పందాలు సిస్టమ్ 7 వరకే వర్తిస్తాయి. రావలసిన 7.7 కూర్పుకు మ్యాక్ ఓఎస్ 8 అని నామకరణం చేశారు. అంకె మారింది, ఒప్పందం చెల్లలేదు. పవర్ కంప్యూటింగ్ మ్యాక్ వ్యాపారాన్ని సుమారు 10 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి తామే కొనేశారు. నామరూపాలు మిథ్య అని వేదాంతులంటారు కానీ లైసెన్సు ఒప్పందాల్లో నామమే సత్యం.

2020 నవంబరులో ఎమ్1 చిప్పు వచ్చాక ఈ పాదానికి ముఖ్యార్థమే కుదిరింది. మెమరీ ప్రాసెసర్ పక్కనే ఒకే పొట్లంలో ఒదిగింది, వేగం పెరిగింది, బ్యాటరీ నిలిచింది. కళ్లకు కనిపిస్తున్నప్పుడు కాదనడం కువ్యాఖ్యానం. ఇంటెల్ పెట్టెల్లో దొంగచాటుగా మ్యాక్ ఎక్కించుకొనే హ్యాకింతోష్ సంప్రదాయానికి కూడా దీనితో గండి పడింది. ఇంటెల్ మ్యాక్‌లకు టహో కూర్పే చివరిదని 2025 జూన్‌లో ప్రకటించారు. కోర్టు చేయలేని పని సిలికాన్ చేసింది.

అయినా ఒక్క మాట. మెమరీ చిప్పు పక్కన ఉండటం ఇంజనీరింగు. 2024 అక్టోబరు దాకా కొత్త మ్యాక్‌లు 8 జీబీతోనే మొదలవడం, ఇంకో 8 కావాలంటే 200 డాలర్లనడం ఇంజనీరింగు కాదు. తర్వాత విడిగా వేయించుకొనే దారి లేదు కనుక కొనేనాడే కట్టాలి. అద్వైతం నిజమే, దాని మీద సుంకం వేరు పద్దు.

ఇక అలంకారం. దేని లేమి వల్ల వస్తువుకు శోభ కలిగిందని చెబుతామో అది వినోక్తి. ఈ కంపెనీ వాఙ్మయమంతా వినోక్తిమయం. 1998లో ఐమ్యాక్‌కు ఫ్లాపీ లేమి శోభ. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్‌కు డిస్కు అర లేమి శోభ. 2016లో ఐఫోన్ 7కు ఇయర్‌ఫోన్ రంధ్రం లేమి శోభ, దానికి యాపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ వేదిక మీద చెప్పిన కారణం ధైర్యం. 2020లో ఐఫోన్ 12 డబ్బాకు చార్జర్ లేమి శోభ, ఈసారి కారణం పర్యావరణం. మొదటి రెంటినీ కాలం సమర్థించింది. చార్జర్ సంగతిలో బ్రెజిల్ ప్రభుత్వం అలంకార శాస్త్రం ఒప్పుకోక జరిమానా వేసింది. 2021లో తెర తుడుచుకొనే గుడ్డను 19 డాలర్లకు అమ్మారు. దానిలో ఏ లేమీ లేదు కనుక అది అతిశయోక్తి.

"విప్పవలదయ్య మరలను." అయిదు రేకుల తల ఉన్న పెంటాలోబ్ స్క్రూ 2009లో మ్యాక్‌బుక్ ప్రో బ్యాటరీ దగ్గర మొదట కనబడింది, ఆ వెనక ఐఫోన్ 4కు పాకింది. రిపేరుకు ఇచ్చిన ఫోన్లకు పాత ప్లస్ స్క్రూలు తీసి ఇవి బిగించి పంపుతున్నారని 2011 తొలినాళ్లలో మరమ్మతుల సంస్థ ఐఫిక్సిట్ వారు బయటపెట్టారు. దానికి విరుగుడుగా వాళ్లే ఒక విమోచన పొట్లం అమ్మారు. స్క్రూడ్రైవర్, మామూలు స్క్రూలు, అంతే.

స్క్రూ తల మారిస్తే చేతికి అడ్డం. తర్వాతి తరం అడ్డం మాయలో పెట్టారు. ఐఫోన్ 13కు బయట తెర మార్పిస్తే ముఖం గుర్తుపట్టడం మానేసింది. తెర అసలుదే అయినా దాని వరుస సంఖ్య ఆ ఫోన్‌కు జత చేసినది కాకపోతే చాలు. గోల లేచాక సరిచేశారు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో బల్ల మీద దీపం, భూతద్దం పెట్టుకొని కూర్చొనే కుర్రాడు మర విప్పడంలో ఎవరికీ తీసిపోడు. అప్పట్లో అతని బల్ల మీద లేనిది ఆ జత కలిపే అనుమతి ఒక్కటే. పద్యంలో "వేరు చోట" అన్నది అతన్ని ఉద్దేశించే.

2022 ఏప్రిల్లో అమెరికాలో మీ ఫోన్ మీరే బాగుచేసుకోండంటూ పనిముట్లు అద్దెకిచ్చారు. ఒక విలేకరి ఐఫోన్ మినీకి బ్యాటరీ వేద్దామని తెప్పిస్తే రెండు పెట్టెల్లో దాదాపు 36 కిలోల సామాను దిగింది. ఫోన్ బరువు 150 గ్రాముల లోపు. నిషేధానికి అనుమతి రూపం ఇవ్వడం ఎలాగో నేర్చుకోదలచినవారు ఈ ఘట్టం మననం చేయాలి. వరుస సంఖ్యల జతకట్టును అడ్డుపెట్టి మరమ్మతు ఆపడాన్ని 2024లో ఒరెగాన్ రాష్ట్రం చట్టంతోనే నిషేధించింది.

"ఒత్తినపుడె." నాలుగో పాదంలో చెప్పుకోవలసింది తక్కువ, ఎవరూ చదవరు కనుక. పాటలు వినే ఐట్యూన్స్ ఒప్పందంలో అణ్వాయుధాలు, క్షిపణులు తయారు చేయడానికి దీన్ని వాడరాదని ఉండేది. ఆ షరతు మీరినవారెవరూ దొరికినట్టు లేరు. బ్యాటరీ ముసలిదైతే ఫోన్‌ను నెమ్మది చేస్తాం అన్న ముక్క మాత్రం నొక్కినవాడికి ఎవరూ చెప్పలేదు. 2017 డిసెంబరులో ఆ సంగతి బయటపడ్డాక, ఫోన్ ఉన్నపళాన ఆరిపోకుండా అలా చేశామన్నారు. కారణం నిజమే. చెప్పి ఉంటే జనం కొత్త ఫోన్ బదులు కొత్త బ్యాటరీ కొనేవారన్నదీ నిజమే. 79 డాలర్ల బ్యాటరీ మార్పిడి 29కి దిగింది, అమెరికాలో దావాల పరిష్కారానికి 50 కోట్ల డాలర్ల దాకా ఒప్పుకొన్నారు.

ప్రక్షిప్త పాదాలు

తేటగీతికి నాలుగు పాదాలే ఉండాలని లేదు, పెంచుకొంటూ పోతే మాలిక. ఐరోపా ప్రతిలో బ్రస్సెల్స్ వారు చేర్చిన పాదాలు కొన్నున్నాయి. చార్జింగ్ రంధ్రం అందరికీ ఒకటే ఉండాలన్నది ఒకటి. యాపిల్ అంగడిలోనే కాక వేరే అంగడిలోనూ యాప్‌లు దొరకాలన్నది ఇంకొకటి. మొదటి పాదం ప్రకారం 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15కు యూఎస్‌బి-సి వచ్చింది. రెండో పాదం ప్రకారం 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో అక్కడివారికి వేరే అంగళ్లు తెరిచారు.

ఈ రెంటిలో రంధ్రం విజయవాడలో కొన్న ఫోన్‌కూ వచ్చింది. అంగడి రాలేదు. దేశానికొక అచ్చు పోసి రెండు రకాల ఫోన్లు చేయడం ఖర్చు గనుక మరలోని ఆ రంధ్రం లోకమంతటికీ ఒకటే అయింది. మాయకు అచ్చులతో పనిలేదు, ఫోన్ ఏ దేశంలో ఉందో చూసుకొని ఒకచోట తలుపు తీస్తుంది, ఒకచోట వేస్తుంది. మూలపద్యం రెండో పాదంలోని "ఒక్కటే" అన్న పదాన్ని ఇంత చక్కగా ఖండించిన పూర్వపక్షి ఇంతవరకు లేడు, ఆ ఖండన రాసింది నాయకుడే.